నిలబడి మాట్లాడేవాళ్ల బంతి

నేను ఒక పసుపుపచ్చ స్పాంజి బంతిని. ముఖాన రెండు నల్లటి కళ్లు, ఈ చెంప నుంచి ఆ చెంప దాకా ఒక నవ్వు. ఆ నవ్వు నాది కాదు, అచ్చు వేసినవాడిది. నా కడుపులో ఏమున్నా పైకి నవ్వుతూనే ఉండాలి. ఆఫీసుల్లో చాలామందికి ఉండే జబ్బే ఇది. వాళ్లకు ఉద్యోగంతో వస్తుంది, నాకు పుట్టుకతోనే వచ్చింది.

నేను పుట్టింది జీడిమెట్లలో, ఒక రేకుల షెడ్డులో. ఏదో ద్రవం అచ్చులో పోశారు, అది పొంగింది, నేనయ్యాను. ఆ షెడ్డుకు మేస్త్రీ పోచయ్య. మనిషి మంచివాడని చెప్పను. పొద్దున షెడ్డులో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ అరుపే. ఎవరైనా తొందరపడి అచ్చు తెరిస్తే వాళ్ల ఏడు తరాలనూ నిద్రలేపేవాడు. కానీ తాను మేస్త్రీనని వాడికి తెలుసు, పనివాళ్లకూ తెలుసు. 'నేను మీ సేవకుణ్ణి' అని వాడు ఏనాడూ అనలేదు. అని ఉంటే, పొద్దున్నే కల్లు తాగి వచ్చాడనుకుని ఇంటి దగ్గర దింపి వచ్చేవాళ్లు. అలాంటి మాట నమ్మాలంటే కాస్త పెద్ద చదువు ఉండాలి.

షెడ్డు నుంచి నన్నూ నా తోబుట్టువులనూ సంచుల్లో వేసి శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టుకు పంపారు. అక్కడ రెండు రోజుల నాయకత్వ శిక్షణ. కంపెనీలు తమ మేనేజర్లను పంపించాయి, నాయకులుగా తయారుచేసి తిరిగి పంపమని. చెంపకు మైకు అంటించుకున్న ఒకాయన స్టేజీ మీద అటూ ఇటూ తిరుగుతూ చెప్పాడు. నాయకుడంటే టీముకు సేవకుడట. ఎజైల్ అంటే చురుగ్గా ఉండటమట. పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకుని, ఎవరు ఏది చేయాలో టీమే పంచుకోవాలట. రోజూ పొద్దున అందరూ నిలబడి కాసేపు మాట్లాడుకోవాలి. కూర్చుంటే మాటలు సాగుతాయి, నిలబడితే కాళ్లు నొప్పిపుట్టి తొందరగా ముగిస్తారు. ఎవరి చేతిలో బంతి ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. నాయకుడు అందరికంటే చివర మాట్లాడాలి.

అబద్ధమెందుకు, మాటలు బాగానే ఉన్నాయి. మాటలకేం, ఎప్పుడూ బాగానే ఉంటాయి. భోజనాల దగ్గర చూడాలి ఆ కాబోయే సేవకులను. ప్లేటు పట్టుకుని ఒకరినొకరు మోచేతులతో నెట్టుకుంటూ, ముందు వెనక చూడకుండా రొయ్యల గిన్నె మీద పడ్డారు.

నన్ను అందుకున్నవాడి పేరు చక్రధర్. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలన్న మాట శ్రద్ధగా విన్నాడు. నాయకుడు చివర మాట్లాడాలన్న మాట వచ్చేసరికి ఫోనొచ్చి బయటికి వెళ్లాడు. ఆ తర్వాత జరిగినదంతా ఆ ఫోను చలవే.

మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో వాళ్ల ఆఫీసు. ఊళ్లో నీళ్ల ట్యాంకర్లు బుక్ చేసుకునే యాప్ తయారుచేస్తారు. చక్రధర్ వచ్చిన మర్నాడే టీమునంతా గుండ్రంగా నిలబెట్టి, నన్ను పైకెత్తి చూపించాడు.

"ఈ రోజు నుంచి నేను మీ బాస్‌ని కాదు. మీ సర్వెంట్‌ని. మనలో పెద్దా చిన్నా లేదు."

"అయితే సార్, ఒక అల్లం చాయ్..." అన్నాడు ఇర్ఫాన్. చార్మినార్ వైపు కుర్రాడు, నోరు ఊరుకోదు.

"జోకులొద్దు ఇర్ఫాన్. బాల్ నా దగ్గరుంది."

ఆ బాల్ ఆయన దగ్గరే ఉండిపోయింది. గోడ గడియారంలో పెద్దముల్లు ఒక చుట్టు తిరిగినంతసేపూ ఆయనే మాట్లాడాడు. నమ్మకం గురించి, పంచుకోవడం గురించి, ఎదుటివాళ్ల మాట వినడం గురించి. వినడం గురించి అంతసేపు మాట్లాడగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయన అరచేతి చెమట నా కడుపులోకి ఇంకుతూనే ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. 'ఎవరైనా ఏమైనా చెప్పాలా?' అని అడిగేవాడు, అడిగి నన్ను రెండో చేతిలోకి మార్చుకునేవాడు.

ఆ గుంపులో స్వరూప అనే అమ్మాయి ఉంది. కరీంనగర్ పిల్ల. యాప్‌లో డబ్బు కట్టే భాగమంతా ఆమె రాసిందే. అప్పటికి ఏడో నెల. పాదాలు వాచి చెప్పులు పట్టడంలేదు.

"సార్, నేను కూసుంట జర," అంది ఒకరోజు.

"కూర్చుంటే అది స్టాండప్ ఎలా అవుతుందమ్మా? ఇదంతా మైండ్‌సెట్."

"మైండ్ నిలబడ్డది సార్. కాళ్లే నిలబడ్తలేవు."

అందరూ నవ్వారు. చక్రధర్ కూడా నవ్వి, బాల్ లేకుండా మాట్లాడకూడదని గుర్తుచేశాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

కొన్నాళ్లకు పైనుంచి కబురు వచ్చింది. టీములో ఒకరిని తగ్గించాలి. పెద్దాయన, అంటే చక్రధర్ పైవాడు, ముంబైలో ఉంటాడు. పేరు భాటియా, ఒకప్పుడు ఇక్కడే పనిచేసి తెలుగు నేర్చుకున్నాడు. గదిలో తలుపు వేసుకుని చక్రధర్ ఫోన్లో మాట్లాడుతుంటే నేను ఆయన గుప్పిట్లోనే ఉన్నాను.

"స్వరూప ఎలాగూ ఆరునెలలు రాదు కదా సార్. కానీ మనం తీసేస్తే కేసవుతుంది... అదే అంటున్నాను, మనం తీయక్కర్లేదు. టీమే చెబుతుంది. ఏకాభిప్రాయం సార్. ఒక్కరు మిగలకుండా అందరూ చెప్పాలి, అప్పుడే చెల్లుతుందని నేనే రూలు పెడతాను... నాదేముంది, నేను సర్వెంట్‌ని." ఆ మాట అంటున్నప్పుడు నన్ను ఎంత గట్టిగా పిసికాడంటే, నా నవ్వు వంకర తిరిగింది.

పోచయ్య అయితే ఆ పని చేయాల్సి వస్తే తానే వెళ్లి ముఖం మీద చెప్పేవాడు, బూతుతో కలిపి చెప్పేవాడు. ఇక్కడ ఒక ఆడమనిషి ఉద్యోగం తీయడానికి తోటివాళ్ల నోళ్లు అరువడిగాడు. దానికి టీమ్ స్వేచ్ఛ అని పేరు.

శుక్రవారం మీటింగు పెట్టాడు. గోడ మీది తెరలో భాటియా కూడా ఉన్నాడు. టీము తన నిర్ణయాలు తానే తీసుకోవడం చూడాలని ముచ్చటపడ్డాడట.

"ఎవరు లేకపోయినా మన పని నడుస్తుందో ఒక్క పేరు చెప్పండి. చెప్పి పక్కవాళ్లకి బాల్ ఇవ్వండి. అందరి మాటా రావాలి, ఒక్కరు మిగిలినా నిర్ణయం చెల్లదు. చెప్పేవాళ్లకి ఎవరూ అడ్డురాకూడదు, నాతో సహా," అన్నాడు చక్రధర్, తెర వైపు చూస్తూ. నన్ను మొట్టమొదటిసారి చేయి జారవిడిచాడు.

మొదట నన్ను పట్టుకున్నవాడు రత్నకుమార్. గుంటూరు మనిషి. ఎవరి పుట్టినరోజుకైనా కేకు తెప్పించేది ఆయనే. పోయిన నెల స్వరూపకు చింతకాయలు కూడా తెచ్చిపెట్టాడు.

"ఏమనుకోవద్దు స్వరూపగారూ," అన్నాడు, ఆమెను తప్ప అన్నిటినీ చూస్తూ. "మీరెటూ లీవులోకి వెళ్తారు కదండీ. అంటే... పని కోణంలో చెబుతున్నా. మనసులో ఏం లేదండీ."

మనసులో ఏం లేదన్నది నిజమే. ఉంటే ఆ మాట వచ్చేది కాదు.

ఒకరి నోరు తెరుచుకున్నాక మిగతా నోళ్లకు దారి దొరికింది. 'సారీ' అంటూ ఒకరు, 'ఫీల్ అవ్వొద్దు' అంటూ ఒకరు, అదే పేరు చెప్పి నన్ను చేతులు మార్చారు. ఆ చేతులన్నీ నాకు తెలుసు. నిన్నటిదాకా ఆమె టిఫిన్ డబ్బాలో సకినాలు తిన్న చేతులే. ఇర్ఫాన్ దగ్గరికి వచ్చేసరికి వాడు నన్ను కాసేపు అటూ ఇటూ తిప్పి, "నా పేరే రాసుకోండి సార్. నేను లేకపోతే మీ అందరికీ ప్రశాంతంగా ఉంటది," అన్నాడు. అని నన్ను స్వరూపకు ఇచ్చాడు.

స్వరూప చేయి చల్లగా ఉంది, పొడిగా ఉంది. ఆమె ఏడవలేదు. పక్కనున్న కుర్చీ లాక్కుని, ఊపిరి పీల్చుకుని కూర్చుంది. నన్ను పొట్ట మీద పెట్టుకుంది. లోపలున్న ఇంకొకరు నన్ను ఒక తన్ను తన్నారు.

"చెప్పమ్మా," అన్నాడు చక్రధర్.

"సార్, బాల్ మీ దగ్గర లేదు," అన్నాడు ఇర్ఫాన్.

తెరలో భాటియా పకపకా నవ్వాడు. రూలు రూలే అన్నాడు ఇంగ్లీషులో.

"నేను ఆలోచించుకోవాలె," అంది స్వరూప. "ఒక మనిషి పొట్ట కొట్టే మాట. తొందరపడితే పాపం కదా. నా వంతు నేను రేపు చెప్త, ఎల్లుండి చెప్త. అందాక బాల్ నా దగ్గరుంటది." నన్ను బ్యాగులో వేసుకుని, మెట్రో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది.

ఇంట్లో ఆమె భర్త మహేందర్ బ్యాగులోంచి నన్ను తీసి, "ఏందిది?" అని అడిగాడు.

"నా నౌకరి."

"మరి గట్లెక్కడపడితే అక్కడ పెడతవేందే?" అని బీరువాలో పెట్టి తాళం వేశాడు. నా జన్మలో నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

ఆ తర్వాత ప్రతి పొద్దునా ఒకటే తంతు. అందరూ నిలబడేవారు, స్వరూప నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తన పని ఎంతదాకా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పి, 'పేరు ఇంకా ఆలోచిస్తున్న సార్' అనేది. తలా ఒక ముక్క చెప్పడానికి మాత్రం నన్ను అందరికీ తిప్పేది, చక్రధర్‌ను దాటించి తిప్పేది, మళ్లీ తన దగ్గరికే తెచ్చుకునేది. నన్ను లాక్కోవాలని చక్రధర్ వేళ్లు కొట్టుకునేవి, నాకు కనబడుతూనే ఉండేది. లాక్కుంటే బాస్ అయిపోతాడు. బాస్‌ని కానని పైకి పంపిన ప్రతి నివేదికలోనూ రాసుకున్నాడు. పైగా భాటియాకు ఈ ఆట నచ్చి, రోజూ ఆ వేళకు తెర మీదకు వచ్చేవాడు.

ఇక్కడో విడ్డూరం జరిగింది. చక్రధర్ నోరు మూతపడేసరికి మీటింగు చాయ్ చల్లారేలోపు అయిపోయేది. ఎవరికి ఎక్కడ అడ్డం పడిందో అప్పటికప్పుడు తెలిసేది, ఇద్దరు ముగ్గురు కలిసి సర్దుకునేవారు. ట్యాంకర్ల యాప్ అనుకున్న గడువుకంటే ముందే తయారైంది. స్వరూపను తీసేయమన్న ఆ మనుషులే ఆమె చెప్పినట్టు చకచకా పనిచేశారు. సిగ్గుపడ్డారనుకోకండి. మాట్లాడటానికి వంతు దొరికింది, అంతే.

సెలవు మొదలయ్యే ముందు రోజు స్వరూప లేచి నిలబడింది.

"నా ఆలోచన అయిపోయింది సార్. పేరు చెప్పుడు నా చేత కాదు. రేపటిసంది నేను సెలవుల ఉంట, నన్ను ముట్టుకునే దిక్కు లేదని లాయరు చెప్పిండు. అందరి మాటా రాలేదు కాబట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పున్రి." రత్నకుమార్ వైపు తిరిగింది. "పట్టు రత్నం. నీకు అలవాటే కదా."

రత్నకుమార్ రెండు చేతులతో నన్ను పట్టుకున్నాడు. ఈసారి చెప్పాల్సిన పేరు గుండ్రంగా నిలబడ్డవాళ్లలోనే ఉంది, ఆ పేరుగల మనిషి రేపూ ఎల్లుండీ ఎదురుగానే తిరుగుతాడు. అందరూ ఆయన పెదవుల వైపే చూస్తున్నారు. ఆయన తడి చేతుల్లో నేను నీళ్లలో పడినట్టే అయ్యాను.

"అసలు ఇలాంటివి పెద్దవాళ్లు తేల్చాలండీ," అన్నాడు చివరికి. "సార్, మీరే చెప్పండి." అని నన్ను చక్రధర్ వైపు విసిరాడు.

చక్రధర్ చేతులు చాచలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను ఆయన చొక్కాకు తగిలి, కిందపడి, దొర్లి దొర్లి ఆఫీసు మూలనున్న ఇనుప బీరువా కిందకు పోయాను. తెరలో భాటియా నవ్వలేదు. నన్ను తీయడానికి ఎవరూ వంగలేదు.

బీరువా కింద దుమ్ములో ఉన్నా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. వారం తిరక్కుండానే పైనుంచి తాఖీదు వచ్చింది. టీము తన పని తానే చేసుకుంటోందని, తాను నిమిత్తమాత్రుణ్ణని చక్రధర్ రాసినవన్నీ పైవాళ్లు నమ్మారు. మరి అలాంటప్పుడు ఆయనెందుకని ఆయన్నే తీసేశారు. ఆయన రాసినవాటిలో అబద్ధాలెన్నో ఉన్నా ఎవరూ పట్టుకోలేదు. చివరికి నిజమైన ఒక్క ముక్కే ఆయన కొంప ముంచింది. పాపమనిపించాలి. నాకు అనిపించలేదు.

కానీ నాయకుడు లేకుండా మనుషులుంటే పైవాళ్లకు నిద్రపట్టదు. రెండు రోజులకే ఒకరిని లీడర్‌ను చేశారు. ఇర్ఫాన్ బీరువా పక్కన నిలబడి స్వరూపకు ఫోన్ చేశాడు, స్పీకర్‌లో పెట్టి.

"అక్కా, పాప ఎట్లుంది?"

"అరుస్తున్నది, వినబడ్తలేదా? ఆఫీసుల ఎవరిని తీసిండ్రు?"

"చక్రధర్ సార్‌ని."

"మరి లీడర్ ఎవరు?"

"రత్నకుమార్ గారు. పొద్దున స్పీచ్ ఇచ్చిండు. 'నేను మీ లీడర్‌ని కానండీ, మీ కుటుంబంలో ఒకణ్ణి' అన్నడు. కొత్త బాల్ కూడా తెప్పించిండు. నీలం రంగు."

అటునుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వుతో పాపాయి ఏడుపు ఆగింది.

"సరే గానీ ఇర్ఫాన్, నా సీటు ఉన్నదా?"

"ఉన్నది అక్కా. ఎవర్నీ కూసోనిస్తలేను."

"గంతే చాలు," అంది.

ఆ తర్వాత ఎప్పుడో చీపురుకు తగిలి బయటపడ్డాను. పాడైన కీబోర్డులతో కలిపి నన్ను బోరబండలో పాత సామాన్ల కొట్టుకు తోలారు. ఇప్పుడు ఒక విరిగిన ఫ్యాను రెక్కకూ ఒక సైనుబోర్డుకూ మధ్య పడి ఉన్నాను. పొద్దున్నే ఇక్కడి మనుషులు సామాను ఎవరు మోయాలని పోట్లాడుకుంటారు. ఒకడు అరుస్తుండగానే ఇంకొకడు అరుస్తాడు, వంతులూ లేవు, బంతులూ లేవు. వాళ్లలో గొంతు పెద్దదున్నవాడు 'నేను చెప్తున్నా, నువ్వెత్తు' అంటాడు. అని రెండో కొస తాను పట్టుకుంటాడు.