ఆరు వోల్టుల్లో సగం

"కరెంటు పోతే చీకట్ల కూసోవాలె. ఉన్న ఒక్క ఎమర్జెన్సీ లైటును విప్పి పెట్టింది నీ బిడ్డ," అని మా ఆయన మూడోసారి అన్నారు.

"బ్యాటరీ తీసింది, అంతే. మళ్ల పెడతది," అన్నాను నల్లా కింద బిందె సర్దుతూ.

"రెండు సెల్లులు కొంటే అమ్మ రేడియో పాడతది. దానికి ఇంత ఆగం దేనికి?"

"నెల సంది చెప్తున్న. కొన్నవారా కొడకా?" మంచం మీది నుంచి మా అత్తమ్మ బుగ్గమ్మ అందుకుంది.

అసలు కోపం లైటు మీద కాదు. పదో తరగతి పాసైన మా రాగిణి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతానంటోంది. ఫారం ఇవ్వడానికి రేపే ఆఖరు. ఆయన సంతకం పెట్టనంటున్నారు. ఇంటర్, డిగ్రీ, ఆ తర్వాత అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్, సర్కారు నౌకరి. పిల్ల దారి ఆయన ఎప్పుడో గీసి పెట్టేశారు.

"అది చదివి నారాయణగూడల రేడియోలు బాగుచేస్తదా?"

రాగిణి తల ఎత్తలేదు. దాని ముందు లైటులోంచి తీసిన ఆరు వోల్టుల బ్యాటరీ, రిపేరు షాపు రాఘవేందర్ దగ్గర అడిగి తెచ్చుకున్న మీటరు, రంగు చారలున్న రెసిస్టర్ల పొట్లం, అందులోంచి తీసిన రెండు రెసిస్టర్లు ఉన్నాయి. అవి వడ్లగింజ కన్నా కాస్త పెద్దవి.

"ఒకటే తీరువి రెండు వరుసగ కలిపితే, నడుమ సగం దొరకాలె అమ్మా. రేడియోకు మూడు వోల్టులే కావాలె."

మీటరు ముల్లు లేచి సరిగ్గా మూడు మీద నిలిచింది. కొలపాత్ర లేదు, కత్తి లేదు. కంటికి కనిపించని దాన్ని ఇంత కచ్చితంగా ఎవరు పంచారు?

రేడియో తీగలు తగిలించింది. ముల్లు కిందికి పడిపోయింది. రేడియో పలకలేదు.

"అయిపోయిందా ఇంజనీరింగు?" ఆయన నవ్వారు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే నల్లా ధార సన్నబడింది.

"కింది ఇంట్ల పద్మ నల్లా తిప్పింది," అని విసుక్కున్నాను. చప్పున మళ్లీ ముల్లు వైపు చూశాను. "నీ రేడియో కూడ గట్లనే గుంజుకుంటున్నదేమో బిడ్డా. అది తాగకముందు మంచిగనే ఉండె గదా."

రాగిణి నా వైపు తిరిగింది. "పైపు లావుదైతే, అమ్మా?"

"లావుదైతే ఇద్దరికీ వస్తది. వేయించమంటే ఓనరు వింటడా!"

"నేను పదివేల ఓముల అడ్డున్నవి పెట్టిన. మస్తు సన్న దారి!" గబగబా నోట్‌బుక్కులో లెక్క వేసి, పొట్లంలోంచి నలభై ఏడు ఓములవి రెండు ఏరి కలిపింది. ముల్లు మళ్లీ మూడు దగ్గరికి వచ్చింది. రేడియో తగిలించింది. ముల్లు కొంచెం దిగి, రెండున్నర దగ్గర ఆగింది.

గరగరమని, ఆ తర్వాత వార్తలు.

అత్తమ్మ లేచి కూర్చుంది. నేను ఆ గింజను వేలితో తాకాను. వెచ్చగా ఉంది. పదిహేడేళ్లుగా ఈ నల్లా కింద బిందెలు పట్టాను. పద్మతో పోట్లాడాను కూడా. నల్లా నడిచే తీరే ఈ గింజలో కూడా నడుస్తుందని నాకెవరూ చెప్పలేదు.

ఆయన వచ్చి గొంతుక్కూర్చుని, రేడియో తీగ తీసి చూశారు. ముల్లు లేచింది. పెట్టారు, దిగింది. నాలుగైదు సార్లు అట్లాగే చేశారు.

మధ్యాహ్నం అందరికీ అన్నం వడ్డిస్తూ, "రేపు పొద్దుగాల నేను రాగిణితోటి పాలిటెక్నిక్‌కు పోతున్న. ఫారం మీద సంతకం నేను పెడత," అన్నాను.