సీసంలో బంగారం గీత

పిల్లిగడ్డంగాడే తీశాడు, ఇంకెవడు తీస్తాడు, స్నానాల గదిలో అరమీద పెట్టిన పెళ్లి ఉంగరం కాళ్లొచ్చి నడిచిపోయిందా, చుట్టపుచూపుగా దిగి మూడు పూటలా మెక్కి బావగారూ అంటూ పళ్లికిలించే బావమరిది, తూ, అనుకుంటూ మేస్త్రీ సీసం ఇటుకను ఎత్తి గోడ చివర పెట్టాడు, గాజు తలుపు అవతల డాక్టరమ్మ తెరకేసి గుడ్లప్పగించి చూస్తోంది, జన్మలో ఒక్క రోగి నాడి పట్టని డాక్టరు, కంటికి కనపడని న్యూట్రాన్లతో సీసం దిమ్మను కొట్టడం, అది ఏ గామా కిరణాలు కక్కిందో కొలవడం, ఒక్కో లోహం తెరమీద ఒక్కో చోట గీత లేపుతుందట, దీనికి ఇన్నేళ్ల చదువు, తను ఏడో తరగతిలోనే బడి ఎగ్గొట్టి బాగుపడ్డాడు, పైగా గ్లౌజులు వేసుకోండి మేస్త్రీ, ఉంగరాలూ గడియారాలూ బయట పళ్లెంలో పెట్టి రండి అని రోజూ అదే పాట, గ్లౌజులేసుకుంటే ఇటుక పట్టు దొరుకుతుందా, ఆ పళ్లెంలో పెడితే సాయంత్రానికి మిగులుతుందా, చెప్పొచ్చింది.

మేస్త్రీ, ఇలా రండి, మిషన్ ఆపేసి పూటయింది, సీసం ఎప్పుడో నోరు మూసుకుంది, ఈ గీత మాత్రం లేస్తూనే ఉంది, ఇది బంగారానిది, అంది, అయితే చెరిసగం అమ్మా అన్నాడు, ఆమె నవ్వలేదు, అమ్మినవాడు కల్తీ చేశాడంటారా అంది, బంగారం కలిపి సీసం అమ్మే వెర్రివెంగళప్ప ఎక్కడున్నాడో చెప్పండి, నేనే కొనుక్కుంటా, అని పకపకా నవ్వబోతూ తన బోసి వేలికేసి చూసుకున్నాడు.

ఆ దిమ్మ చుట్టూ పేర్చింది తనే, వట్టి చేతులతో, చెమటకి ఇటుకలు జారుతుంటే ప్యాంటుకి తుడుచుకుంటూ, ఉంగరం వదులైంది, దారం చుట్టుకోండి అని ఇల్లాలు అంటే నిన్నెవడడిగాడే అన్నాడు, ఆ సాయంత్రమే కదా తను పిల్లిగడ్డంగాడి సంచి వీధిలో బోర్లించి జేబులు తిప్పించింది, దువ్వెన, బస్సు టిక్కెట్టు, ఇంకేమీ రాల్లేదు, వాడు బావగారూ అనకుండా అన్నీ ఏరుకున్నాడు, మా తమ్ముడు దొంగైతే నేనూ దొంగనే, మీ ఇంట్లో దొంగలెందుకండీ అని ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది, పోతే పో అన్నాడు తను, వీధంతా వింటుండగా, గోడ విప్పి చూద్దామా మేస్త్రీ అంటోంది డాక్టరమ్మ, ఏమీ ఉండదమ్మా అనబోయాడు, విప్పితే అది దొరుకుతుంది, దొరికితే తీసుకుని ఆవిడ పుట్టింటి గుమ్మం ముందు నిలబడాలి, పిల్లిగడ్డంగాడు తలుపు తీస్తాడు, వాడు దొంగ అయ్యుంటే ఎంత బాగుండేది, అర తులం బంగారంతో పోయేది.