తొమ్మిది దగ్గర ఆగే పిల్ల

పెసీ అంకెలు చెబుతూ ఎనిమిది దాకా బుద్ధిగా వచ్చి, ‘హీవా’ అనగానే పాట ఎత్తుకునేది. తప్పు పిల్లది కాదు. తొమ్మిదికీ, పాడమనడానికీ హీవా అని ఒకటే మాట పెట్టుకున్న మన టోంగా పెద్దల్ని అనాలి. పిల్ల మాట విన్నది, చెప్పిన పని చేసింది, అంతే. పైగా గొంతు కూడా చిన్నదేం కాదు. పాట అందుకుందంటే మూడు చరణాలూ అయ్యేదాకా ఆగేది కాదు, ఈలోగా పది సంగతి అందరూ మరిచిపోయేవాళ్లు.

చర్చి హాల్లో పసిపిల్లల బడి నడిపే టోవాకాసేకి ఈ చిక్కులు కొత్తవి కావు. నీమా అంటే అయిదు, చెయ్యి కూడా నీమాయే. అందుకని పిల్లలు నాలుగు వేళ్లు లెక్కపెట్టి, నీమా అని అరచెయ్యి మొత్తం చూపించి, మిగిలిపోయిన బొటనవేలికి ఆరు అంటగట్టేవాళ్లు. “ఓరి నాయనా, మీ అమ్మ నిన్ను ఆరువేళ్లతో కన్నదట్రా?” అని అలా లెక్కపెట్టినవాడి బొటనవేలు పట్టుకుని ఊపేది. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్విన పిల్లలకి లెక్క తొందరగా వస్తుందని ఆవిడ నమ్మకం. ఎంతమందికి నేర్పినా పెసీ తొమ్మిది మాత్రం దారికి రాలేదు. నిజం చెప్పాలంటే రావాలని ఆవిడకీ పెద్ద తొందర లేదు.

పెసీ ఆవిడ కన్నపిల్ల కాదు, తమ్ముడు హావిలి కూతురు. పుట్టిన నెలలోపే హావిలి పొత్తిళ్లలోని పిల్లని తెచ్చి అక్క ఒళ్లో పెట్టి, “ఇది నీదక్కా” అన్నాడు. పిల్లల్లేని అక్కకి ఇంతకంటే ఏం కావాలి? మనలో మేనత్త మాటకి ఎదురులేదు. తమ్ముడి పిల్లల విషయంలో ఆవిడ ఊ అంటే ఊ, వద్దంటే వద్దు. హావిలి, అతని భార్య లోసలీనే ఇద్దరు మగపిల్లలతో రాజధానిలో ఉంటారు. పండగలకి ఓడలో వచ్చి వెళ్తుంటారు.

ఈ ఏడాది, పిల్లలు చర్చిలో నిలబడి పాఠాలు అప్పజెప్పే ‘పిల్లల ఆదివారం’ ఇంకా దూరం ఉండగానే లోసలీనే ఫోన్ చేసింది. “వదినా, ఈసారి చర్చిలో మన పెసీతో పది దాకా చెప్పించండి. మీ తమ్ముడికి చూడాలని ఒకటే ఆశ. అయినా మీరు నేర్పితే రానిదేముంది లెండి.”

ఆ చివరి మాటకి వదిన ఉబ్బిపోయింది. ఆ రోజు నుంచి టోవాకాసే పిల్ల వెంట పడింది. గవ్వలు పేర్చింది, మెట్లు ఎక్కించింది, నోటికి వేలు అడ్డంపెట్టి హీవా అనిపించింది. పిల్ల వేలు తోసేసి మరీ పాడింది. అలాంటిది ఒక సోమవారం పొద్దున్నే, పళ్లు తోముకుంటూ, ఎనిమిది, తొమ్మిది, పది అని గడగడా అప్పజెప్పేసింది. పాట ఊసే లేదు. టోవాకాసే సంతోషం పట్టలేకపోయింది. వేలు అడ్డంపెట్టిన తన కిటుకే పనిచేసిందనుకుంది. రొట్టెలమ్మేవాడిని కూడా ఆపి చెప్పింది.

“విన్నావా? మా పిల్లకి పది వచ్చింది!”

“అయితే రొట్టెలు నువ్వే లెక్కపెట్టించుకో, నేను పోతా” అన్నాడతను.

పిల్లల ఆదివారం నాడు తెల్లగౌనులో పెసీ చర్చిలో నిలబడి, ఒక్క చోటా తడబడకుండా పది దాకా చెప్పింది. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. టోవాకాసే కళ్లు తుడుచుకుంది, సిగ్గుపడలేదు.

తర్వాత విందు. పందిరి కింద మేనత్తగా ఆవిడది పై చోటు. కాల్చిన పంది, కంద, కొబ్బరిపాలల్లో ఉడికిన మాంసం ముందున్నాయి. హావిలి వచ్చి పాస్టరు పక్కన కూర్చున్నాడు. అక్క ముఖంలోకి చూడకుండా, అది మనలో అక్కాతమ్ముళ్ల మర్యాద కాబట్టి, చాపకేసి చూస్తూ అడిగాడు.

“అక్కా, పిల్ల పెద్దబడికి సిద్ధమైనట్టేనా?”

“సిద్ధం కాకేం? ఏ ఊళ్లో ఏ బళ్లో కూర్చోబెట్టినా నెగ్గుకొస్తుంది!” అంది టోవాకాసే, అందరికీ వినపడేలా.

“మేనత్త నోటి మాట. పాస్టరుగారూ, విన్నారుగా” అన్నాడు హావిలి.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు లోసలీనే లేచింది. మనలో పెద్ద కానుకగా ఇచ్చే మేలిరకం చాప ఒకటి తెచ్చి ఆడపడుచు ముందు పరిచింది. “పిల్లని మాకు తిరిగి ఇస్తున్నారు, మీ మేలు మరిచిపోం వదినా” అని ఏడుస్తూ చేతులు పట్టుకుంది. టోవాకాసే చాపకేసి చూసింది. అంత సన్నటి అల్లిక ఒక్క పూటలో దొరకదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే కట్ట కట్టి తెచ్చుకున్నారు.

“ఇచ్చానని ఎప్పుడన్నాను?”

“రేపటి ఓడకి తీసుకెళ్తామక్కా. అక్కడి బళ్లో సీటు చూశాను. పది దాకా వస్తేనే చేర్చుకుంటామన్నారు.”

“నా పిల్లని తీసుకుపోతానని అడగడానికి నోరు రాలేదు, లెక్క వచ్చిందా అని అడిగావట్రా!”

“అడిగితే వద్దనేదానివి.”

“అంటాను! అనే హక్కు నాకు ఇచ్చింది నువ్వు కాదూ?”

హావిలి తల ఇంకా కిందికి దించుకున్నాడు. పాస్టరు సర్దబోయారు. “టోవాకాసే, మాట నలుగురిలో వచ్చేసింది. పండగ పూట తమ్ముణ్ణి తలదించుకునేలా చేస్తావా?” అన్నారు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. తలదించుకోవాల్సిన పని వాళ్లు చేసి, పరువు కాపాడే పని తనకి అప్పగించారు. మాట వెనక్కి తీసుకుంటే ఈ పందిట్లో తమ్ముడి బతుకు నవ్వులపాలు. తీసుకోకపోతే పిల్ల లేదు. చాప తొక్కుకుంటూ లేచి, పెసీని చెయ్యి పట్టుకుని హాలు వెనక్కి తీసుకెళ్లింది. పిల్ల వెళ్లనని ఒక్క ఏడుపు ఏడిస్తే చాలు, ఊరంతా ఏమనుకున్నా సరే, మాట తప్పేద్దామనుకుంది.

“రేపు నిన్ను నాన్న తీసుకెళ్లిపోతాడట. తెలుసా నీకు?”

“తెలుసు. ఫోన్లో చెప్పాడు. హీవా దగ్గర పాడకుండా పది అంటే ఓడ ఎక్కిస్తానన్నాడు. అందుకే పాడలేదు.”

“ఫోన్లోనా? నాకెందుకు వినపడలేదు?”

“నాన్న ఫోన్ చేస్తే నువ్వు బయటికెళ్లిపోతావుగా అత్తా.”

నిజమే. తమ్ముడి మాటలు చాటున ఉండి వినకూడదని, ఫోన్ పిల్ల చేతికిచ్చి పెరట్లోకి పోయేది. ఆవిడ మర్యాదే వాళ్లకి అడ్డులేని దారి అయింది. ఆ సోమవారం పని చేసింది తన వేలూ కాదు, గవ్వలూ కాదు.

“అత్తతో చెప్పకూడదన్నాడు” అంది పెసీ. “నేను చెప్పలేదు చూశావా! ఒక్కసారి కూడా చెప్పలేదు!”

ముఖం వెలిగిపోతూ, మెచ్చుకోలు కోసం బుగ్గ పైకెత్తి నిలబడింది. టోవాకాసేకి ముద్దు పెట్టడం చేతకాలేదు.