వదినగారి గోధుమనూక

కనకరాజుకి షుగరుందని అమలాపురంలో డాక్టరు తేల్చింది రెండువేల రెండో సంవత్సరం వేసవిలో. మామిడికుదురులో కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. మూడు పూటలా తెల్లన్నం ఉండాల్సిన మనిషి. ఇకమీదట అది మానేసి గోధుమనూక తినమన్నారు.

భార్య గాయత్రి ఆ సాయంత్రమే నూక ఉడికించి పెట్టింది. ఒక్క ముద్ద తిని ఆయన కంచం తోసేశాడు.

"గేదెకి పెట్టు. దానికి నచ్చుద్దేమో."

గాయత్రి పట్టు వదల్లేదు. పెరుగు కలిపి చూసింది, ఆనపకాయ వేసి చూసింది. చివరికి ఒక రుచి కుదిరింది. నూకని కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, పెసరపప్పుతో కలిపి పల్చటి మజ్జిగలో ఉడికించి, అల్లం, ములగాకు వేసి ఇంగువ పోపు పెట్టింది. తనకే మళ్ళీ వడ్డించుకోవాలనిపించింది. ఆయన మాత్రం కంచంలోకి సరిగ్గా చూడకుండానే, "మళ్ళీ అదేనా?" అని అన్నం పెట్టించుకున్నాడు.

కనకరాజు అక్క చిన్నమ్మలు రాజోలులో ఉంటుంది. ఆవిడకి జ్వరమని తెలిసి గాయత్రి చూడబోతూ ఆ నూకే డబ్బాలో పట్టుకెళ్ళింది. ఆవిడ మూత కూడా తియ్యలేదు.

"పత్యం తిండి నాకెందుకమ్మా? తీసుకుపో."

ఇంటికొచ్చేసరికి గాయత్రి చేతిలోని డబ్బాని కనకరాజు చూశాడు. "అక్క పంపిందా?" అన్నాడు మొహం వెలిగిపోతూ.

బస్సులో నిలబడి వచ్చిన గాయత్రికి వాదించే ఓపిక లేదు. "ఆయ్, వదినగారే పంపేరండి" అంది.

వేడిచేసి పెడితే డబ్బా ఖాళీ చేశాడు. "చెయ్యంటే అదీ! నువ్వూ నేర్చుకోకూడదా?"

"నేర్చుకునే వచ్చేనండి."

ఆనాటినుంచి రోజూ అదే నూక అడిగి మరీ తిన్నాడు. షుగరు దిగింది. వచ్చినవాళ్ళందరికీ అక్క చేతి మహిమ చెప్పేవాడు. తింటున్నాడు కదా, అదే చాలనుకుంది గాయత్రి.

దీపావళి ముందు చిన్నమ్మలు వచ్చింది. భోజనాల దగ్గర కనకరాజు పొంగిపోతూ అన్నాడు: "నీ నూకే అక్కా నన్ను బతికించింది!"

గాయత్రి వడ్డిస్తున్న గరిటె ఆపింది. ఆవిడ ఒక్క క్షణం మరదలి వంక చూసింది. తర్వాత తమ్ముడి వీపు నిమిరి, "నీ నోరు నాకు తెలీదట్రా!" అంది.

వంటింట్లో గాయత్రి ఉండబట్టలేక అడిగేసింది. "వదినగారూ, మీరసలు నూకెప్పుడైనా వండేరా?"

"నా పేరు చెప్పింది నువ్వే కదే! ఇప్పుడు కాదంటే వాడు తినడం మానేస్తాడు. వాడి ఆరోగ్యం కంటే నీకు పేరెక్కువా?"

ఆవిడ వెళ్ళిపోయాక గాయత్రి భర్తకి ఉన్నదంతా చెప్పేసింది. ఆయన నవ్వాడు.

"అక్కంటే ఇంత కుళ్ళా నీకు?"

మర్నాడు గాయత్రి నూకని ఉప్పు మాత్రం వేసి ఉడికించి పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. ఆ మర్నాడూ అంతే. "కావాలని చెడగొడుతున్నావు" అని హోటలుకి పోయి అన్నం తిని వచ్చాడు. వారం తిరిగేసరికి షుగరు మళ్ళీ పెరిగింది, కళ్ళు తిరిగి కొబ్బరి రాశి పక్కనే కూలబడ్డాడు. కూలీలు రిక్షాలో తీసుకొచ్చారు.

గాయత్రి పొయ్యి వెలిగించి నూక వేయించింది. పెసరపప్పు వేసింది, మజ్జిగ పోసింది, పోపు పెట్టింది. మంచం దగ్గరికి తీసుకెళ్ళి చెంచాతో నోటికందించింది.

రెండు చెంచాలు తిన్నాక ఆయన కళ్ళు తెరిచాడు. "ఇదీ అక్క వంటంటే! ఫోను చేసి అడిగేవా?"

గాయత్రి మూడో చెంచా నింపింది.

"ఆయ్, అడిగేనండి" అంది.