ఆగని ఎర్రచుక్క

అన్నీ ఆపేసిన ఇంట్లో మీటరు నడవకూడదు. కన్నారావు వరండాలో నిలబడి మీటరు మీది ఎర్రచుక్కనే చూస్తున్నాడు. ఇరవై సెకన్లకోసారి అది మెరుస్తోంది. ఫ్యాన్లు ఆపాడు, ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు, టీవీ, మిక్సీ, ఇన్వర్టరు ఏదీ వదల్లేదు. అయినా ఈ ఇంట్లో ఏదో కరెంటు తాగుతూనే ఉంది. పరీక్ష ముగియడానికి ఇంకా నలభై నిమిషాలే ఉన్నాయి.

ఇళ్లలో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కనిపెట్టి, దాన్ని తగ్గించే పనులు కాంట్రాక్టుకు చేయాలంటే ఇప్పుడు సర్టిఫికెట్టు కావాలి. అది ఉన్నవాణ్నే పోర్ట్ బ్లెయిర్ ప్రభుత్వ క్వార్టర్స్ పనికి టెండరు వేయనిస్తారు. లేనివాడు మెయిన్‌లాండ్ నుంచి ఓడ దిగే కంపెనీ కింద వైరు లాక్కుంటూ బతకాలి. బతు బస్తీలో సొంత షాపు పెట్టుకుని, నలభై నాలుగేళ్లొచ్చాక మళ్లీ ఒకరి కింద నిచ్చెన మోయడమంటే కన్నారావుకు ప్రాణం పోయినంత పని. భార్య శ్రీలక్ష్మి ఫారాలు తనే నింపి, ఆరు నెలలు పక్కన కూర్చుని పాఠాలు చదివి వినిపించింది. ఆవిడకి ఫెయిలయ్యానని చెప్పడం ఇంకా కష్టం.

ప్రాక్టికల్ పరీక్షకు చీటీ తీస్తే బ్రూక్షాబాద్‌లో గవరమ్మ ఇల్లు వచ్చింది. పన్నెండేళ్ల క్రితం ఆ ఇంటికి వైరింగ్ చేసింది కన్నారావే. విశాఖపట్నం నుంచి వచ్చిన పరీక్షాధికారి గణేశ్వరరావుకు ఆ సంగతి ముందే చెప్పేశాడు. ఆయన పర్వాలేదన్నాడు. రిపోర్టులో ఒక్క కారణం తప్పు రాసినా ఫెయిలే, మళ్లీ పరీక్ష వచ్చే ఏడాదే అని మాత్రం రెండుసార్లు గుర్తుచేశాడు. ఆ రెండోసారి ఎందుకో కన్నారావుకు అర్థం కాలేదు. మనిషిని భయపెట్టడంలో కొందరికి తృప్తి ఉంటుంది.

ఇంట్లో కరెంటుతో నడిచేవేవో గవరమ్మను అడిగి ఉదయమే జాబితా రాసుకున్నాడు. ఇప్పుడు దాన్ని పట్టుకుని గదులన్నీ మళ్లీ తిరిగాడు. బోర్డులో ఒక్కో గది కరెంటు కట్ చేసి చూస్తే, పడకగది ఆపినప్పుడు ఎర్రచుక్క ఆగింది, మళ్లీ వేస్తే మెరిసింది. ఆ గదిలో కనిపించే స్విచ్చులన్నీ ఆపే ఉన్నాయి. మంచం కింద వెతికాడు. కిటికీ ఎక్కి చూశాడు. ఇక మిగిలింది ఒక్కటే, గోడ లోపల వైరు తేమ తాగి లీకవుతోంది. అంటే తన చేతి పనే చెడింది.

రాయకుండా వదిలేద్దామా అనిపించింది. ఈ సంగతి బయటికి పొక్కితే బస్తీలో తనని ఎవరు పిలుస్తారు? పెన్ను పట్టుకుని ఐదు నిమిషాలు అలాగే కూర్చున్నాడు. చివరికి సిగ్గు చంపుకుని రాశాడు. పడకగది గోడలో వైరింగ్ లీకు, పని చేసింది నేనే, గోడ కొట్టి కొత్త వైరు వేయాలి.

గణేశ్వరరావు అది చదివి మొదటిసారి నవ్వాడు. ఇన్నేళ్లలో తన పనిలో తప్పు తనే రాసుకున్న మనిషిని చూడలేదన్నాడు. అక్కడికక్కడే పాస్ అని రాసి సంతకం పెట్టాడు. కన్నారావుకు ఆనందంతో ఏడుపొక్కటే తక్కువ. గణేశ్వరరావు సామాను సర్దుకుని, బూట్లు వేసుకోవడానికి వరండాలోకి వెళ్లాడు.

అంతలో గోడలో లీకు సంగతి విన్న గవరమ్మ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"కన్నారావూ, గోడల కరెంటు పారతందా? అగ్గి అంటుకుంటాదేటి? ఇంటి కాగితాలు, పట్టుచీరలు అల్మారీలోనే ఉన్నాయి బాబూ. ఈరోజే కూతురింటికి పంపేస్తాను. నాను ఇంక ఏ స్విచ్చూ ముట్టుకోను."

కంగారేం లేదని చెబుతూనే, సాయానికి ఆవిడ వెంట పడకగదిలోకి వెళ్లాడు. గవరమ్మ కొంగున ఉన్న తాళంచెవితో చెక్క అల్మారా తెరిచింది. లోపల్నుంచి పసుపు వెలుతురు ఆవిడ ముఖాన పడింది.

కింది అరలో బల్బు వెలుగుతోంది. దీవుల్లో వాన ఏడెనిమిది నెలలు. బట్టలకి బూజు పట్టకుండా అల్మారాలో పాతకాలపు వేడి బల్బు రాత్రింబవళ్లు వెలిగించి ఉంచడం ఇంటింటా ఉన్నదే. కన్నారావు పుట్టినప్పటినుంచీ వాళ్లింట్లోనూ వెలుగుతోంది. దాన్ని ఎవరూ కరెంటు సామానులో కలపరు. గవరమ్మ చెప్పలేదు, తనూ అడగలేదు. వైరు అల్మారా వెనకనుంచి పోయింది. బల్బు ఊడదీసి వరండాలోకి వచ్చి మీటరు చూశాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. చుక్క మెరవలేదు.

వైరింగ్ బంగారంలా ఉంది. రిపోర్టు తప్పు.

పక్కనే గణేశ్వరరావు రెండో బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఆయనకేమీ తెలియదు. మరో పది నిమిషాల్లో కారెక్కి వెళ్లిపోతాడు. గోడ కొట్టి కొత్త వైరు వేసినట్టు చేస్తే అడిగేవాళ్లుండరు. లోపల గవరమ్మ చీరలు మూట కడుతోంది. స్విచ్చు దగ్గరగా వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా గోడకు దూరంగా జరుగుతోంది. పన్నెండేళ్లు ఆవిడ ఈ ఇంట్లో నిశ్చింతగా పడుకుంది. ఇకనుంచి ఆ గోడను చూసి భయపడుతూ పడుకుంటుంది.

"సార్, లీకు లేదు. అల్మారీలో బల్బు. నేను తప్పు రాశాను."

గణేశ్వరరావు లోపలికొచ్చి చూశాడు. ఇలాంటివి ఎన్ని ఇళ్లలో ఉన్నాయని అడిగాడు. అన్నిట్లోనూ, మా ఇంట్లో కూడా అన్నాడు కన్నారావు. ఆయన ఫైలు తీసి, తన సంతకం మీద అడ్డంగా గీత గీశాడు.

"మీ పనిలో తప్పు లేదు కన్నారావు గారూ. రిపోర్టులో ఉంది. వచ్చే ఏడాది రండి."

కారు వెళ్లిపోయింది. కన్నారావు జేబులో ఫోను మోగుతోంది. శ్రీలక్ష్మే. తీయడానికి చెయ్యి రాలేదు. క్వార్టర్స్ టెండరుకు గడువు వచ్చే నెలే. ఈసారికి ఆ పని పోయినట్టే.

గవరమ్మ గడపలో నిలబడి, నిజంగా ముట్టుకోవచ్చా అని అడిగింది. ముట్టుకో అత్తా, గోడ మంచిదే అన్నాడు. ఆవిడ ఒక్క వేలితో స్విచ్చు నొక్కి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫ్యాను తిరిగింది.

"మంచి పని సేసినావు బాబూ, వెంటనే సెప్పినావు," అంటూ మూట విప్పడం మొదలుపెట్టింది. నిజం చెప్పాక అతన్ని మెచ్చుకున్న మాట అదొక్కటే. అతను ఏం పోగొట్టుకున్నాడో ఆవిడకి తెలియదు.