తాళం పడిన టాంకీ

డ్రైవరు హీరాలాల్ చేలో నీళ్ల ఇంజను వెంకటప్పయ్య బండి డీజిలుతోనే తిరుగుతోందని పగిడయ్య భార్యతో ఎవరో అన్నారట. ఆమె రేషన్ షాపు వరుసలో నిలబడి ఆ మాట వెంకటప్పయ్య భార్య భారతమ్మ చెవిన వేసింది. "నేనైతే కండ్లతో చూడలేదమ్మా, అందరూ అంటున్నరని అంటున్న" అని చివర్లో చేతులు కూడా దులుపుకుందట. భారతమ్మ బియ్యం సంచి కంటే ముందు ఆ మాటనే ఇంటికి చేర్చింది.

వెంకటప్పయ్యకు ఆ మాట ఇట్టే అతుక్కుంది. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చే పికప్ బండి మూడు నెలలుగా పదిన్నర దగ్గర ఆగిపోయింది. ఆయన పాతికేళ్ల కింద కృష్ణా జిల్లా నుంచి వచ్చి ములకలపల్లి అడవి అంచున పామాయిల్ తోట వేసిన మనిషి. చెడ్డవాడేం కాదు. కాకపోతే మనిషి చెప్పే మాట కంటే మీటరు చూపించే అంకె మీద గురి ఎక్కువ. హీరాలాల్ ఆరేళ్లుగా ఆ బండి తోలుతున్నాడు, ఒక్కసారి కూడా ఎక్కడా గీత పడనివ్వలేదు. ఆ సంగతి ఏ మీటరులోనూ కనపడదు.

వెల్డింగ్ షాపులో టాంకీ మూత మీద ఇనుప పట్టీ పెట్టించి తాళం వేశాడు వెంకటప్పయ్య. సందులోంచి సన్న పైపు కూడా దూరకూడదని లారీ ట్యూబు కోసి మూత కింద గట్టిగా బిగించాడు. తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు.

"బాబాయ్, నేను చుక్క గూడ ముట్టలే" అన్నాడు హీరాలాల్ ఆ రోజు.

"నిన్నెవడన్నాడ్రా? రోజులు బాగాలేవు, అంతే" అన్నాడు ఆయన, తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకుంటూ.

తాళం పడ్డాక మైలేజీ పెరగలేదు సరికదా, కొత్త రోగం మొదలైంది. గెలల లోడుతో ఫ్యాక్టరీకి పోయే దారిలో, అడవి మధ్య ఎర్రగుంట మిట్ట ఎక్కుతుంటే బండి దగ్గి దగ్గి ఆగిపోయేది. అరగంట పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మళ్లీ కొంత దూరం పోయి మళ్లీ ఆగేది. వారంలో మూడుసార్లు అదే తంతు. మూడోసారి గెలలు మరునాటికి గానీ చేరలేదు. కాయలు మెత్తబడ్డాయని ఫ్యాక్టరీ వాళ్లు సగం తిప్పి పంపారు.

ఊళ్లో ఇంకో మాట పుట్టింది. తాళం వేసిన కసితో హీరాలాలే బండి ఆపుతున్నాడని.

"సోమవారం లోడుకు కూడా ఆగిందంటే నిన్ను దింపి స్టీరింగు జయప్రకాశ్‌కిస్తా" అని వెంకటప్పయ్య తేల్చేశాడు.

ఆ సాయంత్రం హీరాలాల్ భార్య సక్రి రొట్టెలు కాలుస్తూ మొగుడికేసి చూసింది. "ఆయన బండి ఆయన మొహాన కొట్టు. ఇంకో బండి దొరకదా?"

"ఇప్పుడు దిగితే దొంగనని నేనే ఒప్పుకున్నట్టు. ఆ పేరుతోని పోతే భద్రాచలం దాక ఎవడన్న తాళంచెవి చేతికిస్తడా? రోగమేందో దొరికినంకనే దిగుత" అన్నాడు హీరాలాల్.

ఆదివారం ఖాళీ బండిని అహ్మద్ పాషా షెడ్డుకు తోలుకుపోయాడు. పాషా ఈ బండిని అది పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మెకానిక్కు. అప్పటికే డీజిల్ ఫిల్టరు మార్చాడు, పైపులు ఊదాడు, చిన్న పంపు విప్పి కడిగాడు.

"ఇంక నా తానేం లేదు భాయ్. ఖమ్మం తీస్కపో, పెద్ద పంపు బాగు చేయించాలె."

"పెద్ద పంపు చెడితే అరగంటకు దానంతటదే ఎట్ల బాగైతది, పాషా భాయ్? మనిషికి జ్వరమొచ్చినా అంత జల్దీ తగ్గదు."

పాషా నవ్వి, గేరాయిల్ డబ్బా అందుకున్నాడు. స్క్రూడ్రైవరుతో ఒక పొక్క పొడిచి వంచాడు. నూనె గుటుకు గుటుకుమంటూ కాస్త పడి ఆగింది. విసుక్కుంటూ అవతలి మూల ఇంకో పొక్క పొడిచాడు. ధార కట్టింది.

హీరాలాల్ ఆ డబ్బాకేసి అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి వెళ్లి టాంకీ మూత మీద వేలు పెట్టాడు. "దీనికి రెండో పొక్క ఏడుంది, భాయ్?"

పాషా నోట్లో ఉన్న వక్కపలుకు నమలడం ఆగింది. "మూతకే సన్నది ఉంటది. గాలి పీల్చెతందుకు. మీ ఓనరు దాని మీద..."

"ట్యూబు బిగించిండు."

"యా అల్లా! టాంకీ గొంతు పిసికిండు! కొయ్యి, ఆ తాళం ఇప్పుడే కోద్దాం."

"వద్దు. కోస్తే తాళం కూడా పగలగొట్టిండంటరు. ఆయనే తియ్యాలె. ఆయన చెవులతోనే ఇనాలె."

సోమవారం లోడు ఎత్తాక హీరాలాల్ దారికి అడ్డంగా నిలబడి, వెంకటప్పయ్యను బండెక్కమన్నాడు. "ఆగితే అక్కడికక్కడే దిగిపోత బాబాయ్. కానీ నువ్వు పక్కన కూసోవాలె." పాషా గెలల పక్కన వెనక ఎక్కాడు. ఎర్రగుంట మిట్ట సగం ఎక్కేసరికి బండి దగ్గింది. హీరాలాల్ కాలు యాక్సిలేటరు మీదే ఉంది. అది ఆయనకు కనపడాలని మోకాలు కూడా పక్కకు తిప్పాడు. బండి ఆగింది.

"చూశావా" అన్నాడు వెంకటప్పయ్య.

"చూసిన. ఇప్పుడు నువ్వు తాళం తియ్యి. మూత కాడ నీ చెవి పెట్టి తియ్యి."

ఆయన గొణుక్కుంటూ దిగి, మొలతాడు ముందుకు లాక్కుని వంగి తాళం తీశాడు. మూత సడలించగానే టాంకీ హుస్సుమని గాలి లోపలికి లాక్కుంది. పాము బుసకు భయపడ్డట్టు ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"లోపలికి గాలి లేక డీజిల్ కదలలే. అరగంట ఆగితే సందుల నుంచి కొంచెం కొంచెం దూరి మళ్లా నడుస్తుండె. ఇప్పుడు చూడు" అన్నాడు హీరాలాల్. మూత వదులుగా పెట్టి, ఎక్కి బండి తాళంచెవి తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. రెండో గేరులో మిట్ట ఎక్కింది. దిగువన కూడా ఆగలేదు.

వెంకటప్పయ్య తీసిన తాళాన్ని జేబులో వేసుకున్నాడు. "ఆగడం సరే. మరి మైలేజీ తాళానికి ముందే పడిందిగా?"

హీరాలాల్ ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నాడు. "తోట కాడి నుంచి ఫ్యాక్టరీకి ముందు మీటరు నలభై చూపెట్టేది. ఇప్పుడు ముప్పై ఆరే చూపెడుతుంది. దారి కురచైందా బాబాయ్?"

"అదెలా అవుద్దిరా?"

"ఆ కిలోమీటరు రాయి కాడ మీటరు చూసి గుర్తు పెట్టుకో. నేను మాట్లాడ."

వెంకటప్పయ్య రాళ్లు లెక్కపెట్టాడు. పది రాళ్లు దాటేసరికి మీటరు తొమ్మిదే తిరిగింది. నమ్మలేక ఫ్యాక్టరీలో గెలలు దింపాక వచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ తొమ్మిదే. అప్పుడు తల బయటపెట్టి టైర్లకేసి చూశాడు. వానాకాలం బురదలో దిగబడకుండా మూడు నెలల కిందట ఖమ్మంలో తానే ముచ్చటపడి వేయించిన పెద్ద టైర్లు అవి. చక్రం పెద్దదైతే అదే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు లెక్కపెట్టేది చుట్లనే.

"మిగిలిన కొంచెం డీజిల్ టైర్ల బరువు తింటుంది. అంతే. నీ డీజిల్ ఎటూ పోలే" అన్నాడు హీరాలాల్.

షెడ్డుకు చేరగానే పాషా ట్యూబు ముక్క పీకి పారేశాడు. మూతకు సన్న గాలిపైపు అతికించి, దాని మూతికి దుమ్ము పోకుండా జాలీ కట్టాడు. పనిలో పనిగా డీజిల్లో నీళ్లు చేరితే విడిగా నిలిచే గాజుగిన్నె ఫిల్టరొకటి కొత్తది బిగించాడు. వెనక బరువు మోసే స్ప్రింగు కమ్మీలకు ఒక్కో పట్టీ అదనంగా వేశాడు. హీరాలాల్ కింద పడుకుని ప్రతి నట్టూ తనే బిగించాడు. బయటకు వచ్చేసరికి మొహమంతా నల్లటి గ్రీజు.

అప్పటికి భారతమ్మ కూడా టీ ఫ్లాస్కుతో వచ్చింది. జరిగిందంతా పాషా చేతులు తిప్పుతూ, హుస్సుమనే చప్పుడు నోటితో చేసి మరీ చెప్పాడు. ఆమె నవ్వబోయి మానుకుని, హీరాలాల్‌కు ముందు టీ పోసింది.

వెంకటప్పయ్య తాను వేయించుకున్న టైరును కాలితో తడుతూ నిలబడ్డాడు. "ఏరా హీరా, ఇంత తెలిసినవాడివి, డీజిల్ తియ్యలేదని మొదట్లోనే గట్టిగా చెప్పొచ్చుగా?"

హీరాలాల్ టీ గ్లాసు బానెట్ మీద పెట్టాడు.

"తాళం ఏసిన నాడే చెప్పిన బాబాయ్. నువ్వు ముందు మీటరును నమ్మినవ్. ఇయ్యాల రాళ్లను నమ్మినవ్. నన్నైతే ఇంకా నమ్మలే."