బాలనర్సమ్మ మీటింగుకొచ్చింది

ఆ నెలంతా భవాని చేపల తట్ట కంటే బడి సంగతే ఎక్కువగా నెత్తిన పెట్టుకుంది. పొద్దున శామీర్‌పేట చెరువు చేపల్ని మేడ్చల్ రోడ్డు పక్కన అమ్ముకోవడం, మధ్యాహ్నం నుంచి ఇల్లిల్లూ తిరిగి "మీటింగుకు రాండ్రి" అని బతిమాలడం. ఊళ్లోని సర్కారు బడికి తల్లుల కమిటీ చైర్మన్‌గా ఆమెను ఎన్నుకున్నారు. ఎన్నుకోవడమంటే మరేం లేదు, ఆ రోజు వచ్చిన నలుగురిలో గొంతు పెద్దది ఆమెదే.

అంత తిరగడానికి ఆమె కారణం ఆమెకుంది. కూతురు పూజిత ఎనిమిదో తరగతి. బడిలో ఆడపిల్లలకు బాత్రూములున్నాయి. గోడలకు రంగులేసి, పువ్వుల బొమ్మలు గీయించి మరీ కట్టారు. కట్టి తాళం వేశారు. కడిగే మనిషి లేడు కాబట్టి తాళం. తాళం ఉంది కాబట్టి ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టరు. పూజిత పెద్దమనిషైనప్పటి నుంచి ప్రతి నెలా కొన్ని రోజులు బడి మానేస్తోంది. మొన్న మూత్రంలో మంట, జ్వరంతో దవాఖానలో పడేసరికి భవాని మొగుడు కుమార్ తేల్చేశాడు.

"ఇగ చాలు. ఇంట్లనే ఉండని."

కుమార్ ఒకసారి అన్నాడంటే వెనక్కి తీసుకునే రకం కాదు. భవాని కాళ్లావేళ్లా పడి దసరా దాకా గడువు అడిగింది. ఆలోపు తాళం తీయించాలి, లేదా పిల్ల చదువు గంగలో కలిసినట్టే.

హెడ్మాస్టరు పరమేశ్ సారు చెడ్డవాడేం కాదు. "బడి మీదేనమ్మా, తల్లిదండ్రులు కదలాలి" అంటాడు ఎప్పుడు కలిసినా. ఆయన పిల్లలు మాత్రం కాపురముండే బౌరంపేట్‌లో ఏసీ బస్సెక్కి వేరే బడికి పోతారు.

అందరికంటే ఎక్కువ మొండికేసింది బాలనర్సమ్మ. విల్లాలకు మొక్కలు సరఫరా చేసే నర్సరీలో ఆమెది కూలి పని. ఆమె బిడ్డ ప్రసన్న, పూజిత ఒకే బెంచీ. ప్రసన్న లెక్కల్లో క్లాసు ఫస్టు.

"నాకేం పని చెల్లె ఆడ? వస్తే నన్నేడ గూసోమంటరు?"

"ఏడనేంది అక్కా, కుర్చీల. నా పక్కన. బిడ్డ ఫస్టొస్తాంది, తల్లి బడి మొఖం సూడకపోతే ఎట్ల? నాది పూచీ."

ఎక్కడ కూర్చోమంటారన్న ప్రశ్నలో ఉన్న భయం భవానికి అర్థం కాకపోలేదు. బాలనర్సమ్మ మామ బతికున్నన్నాళ్లూ ఈ ఊరి మోరీల్లో మురికి ఎత్తాడు. ఆయన పోయి ఏళ్లయింది, ఆ ఇంట్లో తర్వాత ఎవరూ ఆ పని చేయలేదు. ఊరు మాత్రం మర్చిపోలేదు. భవాని అదేం తెలియనట్టు నవ్వేసి, వస్తానని మాట తీసుకునే కదిలింది.

శనివారం బాలనర్సమ్మ కూలి మానుకుని, దాచుకున్న నీలం చీర కట్టుకుని వచ్చింది. భవాని ఆమె చేయి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టింది. ప్రసన్న కిటికీలోంచి తల్లిని చూసి మురిసిపోయింది. ఎంత మంచి పని చేశానో అని భవాని తన భుజం తానే తట్టుకుంది.

బాత్రూముల మాట వచ్చింది. "కడిగే మనిషిని ఇవ్వమని పైవాళ్లకు రాసి రాసి నా చేతులు పడిపోతున్నాయి. మీరే ఏదో ఒకటి ఆలోచించండి" అన్నాడు సారు.

ఆరో తరగతి పిల్లాడి నానమ్మ అన్వరీ బేగం లేచింది. "గిదేం పెద్ద ముచ్చట సార్? మన పిల్లల కోసమే గదా. వంతులేసుకోని అందరం కడుగుదాం."

అందరూ తలలూపారు. తలూపడానికి ఏం పోయింది? "అయితే మొదటి వారం ఎవరు?" అని సారు అడిగేసరికి ఒకామెకు నడుం నొప్పి గుర్తొచ్చింది. ఆడపిల్లల బాత్రూముల్లోకి మొగోళ్లు ఎట్ల పోతరని ఒకాయన న్యాయం మాట్లాడాడు. భవాని చేయి ఎత్తబోయింది. బాత్రూములు కడిగిన చేతుల నుంచి రేపు చేపలెవరు కొంటారన్న ఆలోచన అడ్డం పడింది. చేయి ఒళ్లోనే ఉండిపోయింది.

అప్పుడు మనవడి తరఫున వచ్చిన గండయ్య తాపీగా నోరు విప్పాడు. "వంతులని గీ పరేషాన్ ఎందుకు? బాలనర్సమ్మ ఉండనే ఉన్నది గద. ఆమెకు అలవాటైన పనే."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే కోప్పడడానికైనా వీలుండేది. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి, అంతే. అన్వరీ బేగం నేల చూపులు చూస్తూ కూర్చుంది. "మీకు ఇష్టమేనామ్మా?" అని సారు మర్యాదగా అడిగాడు.

బాలనర్సమ్మ సారు వైపు చూడలేదు. భవాని వైపు చూసింది.

ఆమెది మొక్కల పని, ఇది ఆమె పని కాదు. ఈ ఒక్క మాట అంటే చాలు. భవానికి ఆ మాట తెలుసు. సోమవారం తాళం తెరుచుకుంటుందనీ తెలుసు.

"ఊకెనే గాదక్కా, నెలకింత అని మేమిస్తం" అంది.

తన నోట్లోంచి వచ్చింది ఇదేనా అని భవానికే నమ్మకం కుదరలేదు. తల్లిదండ్రుల భాగస్వామ్యమంటే ఇదీ అని సారు చప్పట్లు కొట్టించాడు. బాలనర్సమ్మ సరేనని తల వంచింది. అంతమంది ముందు ఇంకేం చేస్తుంది?

తాళం తెరుచుకుంది. పూజిత ఆ నెల ఒక్కరోజు కూడా మానలేదు. కుమార్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఒక సాయంత్రం అన్నం తింటూ పూజిత మామూలుగా చెప్పింది.

"అమ్మా, ప్రసన్నను అందరు బాత్రూం ప్రసన్న అంటున్నరు. నా బెంచీల గూసోవద్దని నేనే చెప్పిన. లేకుంటే నన్ను గూడ అంటరు గదా."

భవాని పిల్ల చెంప ఛెళ్లుమనిపించింది. కొట్టాల్సింది పిల్లను కాదని తెలుసు, అయినా కొట్టింది.

తర్వాతి వారం నుంచి ప్రసన్న బడికి రాలేదు. సారు భవానిని పిలిపించాడు. "బాలనర్సమ్మ మీరు చెప్తే వింటుందమ్మా. ఆరోజు మీటింగుకు తెచ్చింది మీరే కదా?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ పూట తట్టలోని చేపల్లో మంచి కొర్రమీను ఏరి కవర్లో పెట్టుకుని భవాని ఆ ఇంటికి వెళ్లింది. వాకిట్లో ప్రసన్న నర్సరీ కవర్లలో మట్టి నింపుతోంది. తలెత్తలేదు. బాలనర్సమ్మ గడప దగ్గరే నిలబడింది, కవరు అందుకోలేదు.

"బిడ్డను బడికి తోలక్కా. మస్తుగ సదువుతది. నేను అందరికీ బుద్ధి చెప్త."

"ఆనాడు చెప్పకపోతివి గద భవానమ్మా." ఈసారి చెల్లె అని పిలవలేదు. గొంతులో కోపం కూడా లేదు. "నీ బిడ్డ సదువాలె గదా, పొద్దుగాల్నే వచ్చి కడిగిపోత. అందర్ల ఒప్పుకున్న, మాట తప్పను. నా బిడ్డను మాత్రం ఆ బడికి పంపను."

భవానికి ఏడుపొచ్చింది. కానీ దానికంటే ముందు, ఒక్క క్షణం, ఇక తాళం పడదులే అని ఆమె గుండె తేలికైంది. ఆ తేలిక మొహంలో కనబడిపోయింది.

బాలనర్సమ్మ అది చూసి తలుపు వేసుకుంది.